ఓడిపోవాల్సిన కెప్టెన్

బంతి వస్తోంది.

ఎడమ వైపు నుంచి, నేల మీద దొర్లుతూ, మెత్తగా... పదేళ్ల పిల్లాడైనా ఆపగలిగే బంతి!

త్సెలిసో కాలు చాపడు.

బూటు పక్క నుంచి బంతి జారిపోతుంది. వెనకే ఎదుటి జట్టు ఎస్వాతినీ పదకొండో నంబర్. వాడికి ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కడే.

వాడు కొడతాడు!

వెళ్లాలి... లోపలికి వెళ్లాలి... దేవుడా, ఈ ఒక్కటీ వెళ్లనివ్వు!

ధబ్!

గోల్‌కీపర్ సెఖెలె అడ్డంగా గాల్లోకి లేచి, రెండు పిడికిళ్లతో బంతిని బార్ మీదుగా అవతలికి గుద్దేస్తాడు.

లెసోతో రాజధాని మాసేరులోని స్టేడియం మొత్తం లేచి నిలబడుతుంది. చలికాలపు పల్చటి ఎండలో జనం భుజాల మీద కప్పుకున్న వేల దుప్పట్లు గాల్లోకి లేస్తాయి.

"మొసళ్ళు! మొసళ్ళు!"

లెసోతో జట్టుకి జనం పెట్టుకున్న పేరు అది. పన్నెండేళ్ల తర్వాత మళ్ళీ గెలుపు ఆశ పుట్టి, ఆ పేరుని గొంతు చించుకుని అరుస్తున్నారు.

సెఖెలె మట్టి దులుపుకుంటూ వచ్చి, కెప్టెన్ త్సెలిసో వీపు చరుస్తాడు.

"కంగారుపడకన్నా! వంద వదిలెయ్, వందా ఆపుతా. ఈరోజు నా చేతులకి జిగురు అంటుకుంది!"

త్సెలిసోకి ఏడుపొస్తుంది.

ఆపకురా... నీకు దండం పెడతాను, ఆపకు!

అరవై ఏడో నిమిషం. సున్నా, సున్నా.

ప్రపంచ కప్ క్వాలిఫయర్ తొలి రౌండ్ ఇది. పెద్ద జట్లు ఈ రౌండ్ ఆడవు. అడుగున ఉన్నవాళ్లే ఒకళ్లనొకళ్లు తొక్కుకుంటూ పైకి పాకాలి. త్సెలిసోకి ముప్పై మూడేళ్లు. ఇదే చివరి అవకాశమని అతనికి తెలుసు.

అరగంట క్రితం దాకా, అదొక్కటే అతని బెంగ!

హాఫ్ టైమ్‌లో టాయిలెట్ దగ్గర ఒక మనిషి దారికి అడ్డం వచ్చాడు. బూడిదరంగు సూటు. మెడలో పాస్. మర్యాదగా టోపీ తీశాడు.

"ఎన్తాతే, కెప్టెన్ గారూ... అర నిమిషం. మీ ఆవిడ పులెంగ్ గారికి ఎన్నో నెల? ఎనిమిదా?"

"ఎవరు నువ్వు?"

ఆ మనిషి ఫోన్ చూపించాడు.

త్సెలిసో ఇల్లు. ఆకుపచ్చ గేటు బార్లా తెరిచి ఉంది.

తర్వాత ఏడుపు. ఆడమనిషి ఏడుపు. రెండు సెకన్లు... అంతే.

"ఈ మ్యాచ్ మీరు ఓడిపోతున్నారు. తొంభై నిమిషాల్లోపు. ఎన్ని గోల్స్ తేడా అన్నది మీ ఇష్టం."

"పులెంగ్‌ని ఏం చేశారు?"

"ఇంకా ఏం చెయ్యలేదు. పోలీసుల వైపు ఒక్క అడుగు వేశారనుకోండి... అప్పుడు చేస్తాం."

టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

త్సెలిసో పరుగున లోపలికి వెళ్లి బ్యాగ్‌లోంచి ఫోన్ తీశాడు. పులెంగ్ నంబర్... స్విచ్డ్ ఆఫ్!

మళ్ళీ చేశాడు.

స్విచ్డ్ ఆఫ్!

ఉదయం ఇంట్లోనే వదిలి వచ్చాడు ఆమెని. కడుపుతో ఆ తోపులాటలోకి రావద్దని తనే చెప్పాడు. వస్తానని ఎంత మారాం చేసిందో...

"త్సెలిసో! బయటికి నడు!" కోచ్ కేక.

ఫోన్ బ్యాగ్‌లోనే ఉండిపోయింది.

డెబ్భై రెండో నిమిషం.

త్సెలిసో సొంత గోల్ వైపు బంతిని బలంగా వెనక్కి తంతాడు. కీపర్‌కి పాస్ ఇస్తున్నట్టు... కానీ మూలకి!

సెఖెలె కాలు చాచి ఆపేస్తాడు.

"అన్నా! నన్ను పరీక్షిస్తున్నావా ఏంటి?"

స్టాండ్స్‌లో ఈలలు. ఎవడో ముసలాయన గొంతు: "ఏరా త్సెలిసో, పొద్దున కల్లు గానీ తాగొచ్చావా?"

కోచ్ గీత దాకా వస్తాడు.

"ఒంట్లో బాగోలేదా? మార్చెయ్యనా?"

"వద్దు ఎన్తాతే! ఆడతాను!"

"నీ మొహం చూశావా? తెల్లగా పాలిపోయింది..."

"ఆడతానన్నానుగా!"

బయట కూర్చుంటే ఓడిపోవడం కూడా తన చేతుల్లో ఉండదు.

డెబ్భై తొమ్మిది.

త్రో-ఇన్. బంతి కోసం గీత దాటుతాడు. మూడడుగుల దూరంలో పోలీసు. లావుపాటి మనిషి, మంచి కళ్లు. త్సెలిసో నోరు తెరుస్తాడు...

పోలీసు వెనక నుంచి ఒక చెయ్యి వస్తుంది. కాల్చిన మొక్కజొన్న పొత్తు అందిస్తుంది.

బూడిదరంగు సూటు!

పోలీసు పొత్తు అందుకుని నవ్వుతాడు. సూటు మనిషీ నవ్వుతాడు... త్సెలిసోని చూస్తూ.

త్సెలిసో నోరు మూసుకుంటాడు. బంతి విసురుతాడు.

ఎనభై మూడు.

అటు వైపు లెసోతో కుర్రాడు కొట్టిన బంతి ఎస్వాతినీ బార్‌కి ఖంగున తగులుతుంది. ఇరవై వేల మంది ఒకేసారి తల పట్టుకుంటారు. గుండెల మీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకున్నది ఒక్కడే. లెసోతో కెప్టెన్!

ఇంకా ఏడు నిమిషాలు.

ఆ సిబొనెలోకి ఏమైంది ఈరోజు?

సిబొనెలో ఎస్వాతినీ కెప్టెన్. గోల్ వాసన పసిగట్టే స్ట్రయికర్. దక్షిణాఫ్రికాలో ఒక క్లబ్‌కి ఇద్దరూ రెండేళ్లు ఆడారు. ఒకే గది, ఒకే కుండ తిండి. సెలవుల్లో ఎస్వాతినీలో మంజినీ ఊళ్లోని వాళ్లింటికి వెళితే, సిబొనెలో అమ్మ పులిసిన పాలలో మొక్కజొన్న పిండి కలిపి గిన్నె నిండా పెట్టేది. "తిను నాయనా, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నావు" అనేది.

అలాంటివాడు ఈరోజు రెండు సులువైన గోల్స్ ఆకాశంలోకి తన్నాడు. కాళ్లకి రాళ్లు కట్టినట్టు పరిగెడుతున్నాడు.

కొట్టరా తమ్ముడూ... నీకేం పోయేకాలం!

ఎనభై ఎనిమిది.

సిబొనెలో కాళ్లకి బంతి. పెనాల్టీ బాక్సులో! కానీ గోల్ వైపు తిరగడు. వీపు పెట్టి నిలబడతాడు, ఎవరికో పాస్ ఇవ్వాలన్నట్టు...

త్సెలిసో ఆలోచించడు. రెండు కాళ్లతో జారుతూ వెళ్లి నరికేస్తాడు!

సిబొనెలో కుప్పకూలుతాడు.

విజిల్!

పెనాల్టీ!

అప్పుడు జరుగుతుంది ఎవరూ ఊహించనిది.

సిబొనెలో కుంటుతూ లేచి రిఫరీ చెయ్యి పట్టుకుంటాడు.

"ఫౌల్ కాదు సార్! నేనే జారిపడ్డా!"

రిఫరీ తెల్లబోతాడు.

"ఫౌలే సార్!" త్సెలిసో అరుస్తాడు. "నేనే తన్నాను! కావాలనే తన్నాను!"

"అబద్ధం సార్! నన్ను ముట్టుకోనే లేదు!"

"ఇద్దరికీ పిచ్చెక్కిందా?" రిఫరీ త్సెలిసోకి పసుపు కార్డు చూపించి, తెల్ల చుక్క వైపు వేలు పెడతాడు. "పెనాల్టీ! అంతే!"

ఎస్వాతినీ పదో నంబర్ బంతి అందుకోబోతాడు. సిబొనెలో లాక్కుంటాడు.

"నేనే కొడతా!"

త్సెలిసో అతని దగ్గరికి వెళతాడు.

"ఏమైందిరా నీకు?"

సిబొనెలో తలెత్తడు. పెదవులు మాత్రం కదులుతాయి.

"ఎందుకు పడేశావన్నా... ఎందుకిలా చేశావు..."

"కొట్టు తమ్ముడూ. ఏం అడగకు. కొట్టు!"

"కొట్టలేను. మేము గెలవకూడదు." కన్నీళ్లు బంతి మీద పడుతున్నాయి. "అమ్మని పట్టుకున్నారన్నా. మ్యాచ్‌కి ముందు మాట్లాడించారు. గెలిస్తే చంపేస్తారు."

త్సెలిసోకి అర్థమవుతుంది.

ఎవరో ఒకడు లెసోతో ఓడాలని పందెం కట్టాడు. ఇంకెవడో ఓడకూడదని కట్టాడు. ఇద్దరూ ఇద్దరు ఆడవాళ్లని...

"నా పులెంగ్..." త్సెలిసో అతని జెర్సీ పట్టుకుంటాడు. "మేము ఓడకపోతే, పులెంగ్‌ని..."

సిబొనెలో తలెత్తుతాడు.

ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుంటారు.

"కెప్టెన్! బాక్సు బయటికి!" రిఫరీ గద్దింపు.

విజిల్!

సిబొనెలో పరిగెత్తుతాడు. బయటికే కొడతాడు, గోల్‌కి దూరంగా... కానీ ఏడుస్తున్న కళ్లకి గురి ఎక్కడుంటుంది?

ఖంగ్!

పోస్టు!

బంతి వెనక్కి తుళ్లుతుంది. సెఖెలె అవతలి వైపు నేల మీద పడి ఉన్నాడు.

తుళ్లుతూ... తుళ్లుతూ... వచ్చి సరిగ్గా త్సెలిసో కాళ్ల దగ్గర ఆగుతుంది.

ముందు ఖాళీ గోల్. తన గోల్.

అవతలికి తన్నేస్తే పులెంగ్ ఉండదు. లోపలికి తన్నితే ఆ తల్లి ఉండదు.

"అన్నా..." సిబొనెలో గొంతు. "అన్నా, వద్దు!"

తిను నాయనా...

పులెంగ్ కడుపు మీద చెయ్యి వేసినప్పుడల్లా లోపల నుంచి తన్నే ఆ చిన్ని పాదం...

త్సెలిసో కళ్లు మూసుకుని తంతాడు.

వల కదిలిన చప్పుడు వినిపిస్తుంది. ఇరవై వేల మంది ఉన్నచోట అంత చిన్న చప్పుడు!

ఒకటి, సున్నా.

మ్యాచ్ అయిపోయింది.

పోలీసులు డాళ్లు అడ్డం పెట్టి అతన్ని లోపలికి లాక్కెళతారు. సీసాలు, నారింజ తొక్కలు, తిట్లు... ఏవీ అతనికి తగలడం లేదు. డ్రెస్సింగ్ రూమ్‌లో సెఖెలె గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

బ్యాగ్‌లో ఫోన్ మోగుతోంది.

పులెంగ్!

"పులెంగ్! వదిలేశారా? నిన్నేం చెయ్యలేదుగా? బిడ్డ... బిడ్డ బాగుందా?"

"ఎవరు వదలడం?" ఆమె గొంతులో చిరాకు. "నువ్వెళ్లాక మా అమ్మ దగ్గరికి బస్సెక్కా. ఒక్కదాన్నే ఇంట్లో కూర్చోలేక. దారిలో ఫోన్ చచ్చిపోయింది. ఇప్పుడే దిగి చార్జింగ్ పెట్టా."

"నిన్నెవరూ... పట్టుకోలేదా?"

"నన్నెవరు పట్టుకుంటారు? ఇంత పొట్ట వేసుకుని బస్సులో పడుతుంటే పట్టుకున్న పాపాన పోలేదు ఒక్కడూ! రేడియోలో మ్యాచ్ విన్నా. బస్సు మొత్తం నిన్ను తిట్టింది. నీ పెళ్లాన్నని చెప్పుకోలేక తల దించుకుని కూర్చున్నా. ఏమైంది నీకు? ఎందుకలా చేశావు?"

గేటు ఫోటో ఎవరైనా తీయగలరు.

ఏడుపు ఏ ఆడదానిదైనా కావచ్చు.

పులెంగ్‌ని ఎవరూ ముట్టుకోలేదు. ఎప్పుడూ!

త్సెలిసో తలుపు తన్ని బయటికి పరిగెత్తుతాడు. "సిబొనెలో!"

కారిడార్ చివర సిబొనెలో మోకాళ్ల మీద ఉన్నాడు. ఫోన్ రెండు చేతులతో నోటి దగ్గర పట్టుకున్నాడు.

"నేను కొట్టలేదు సార్! మీరు చూశారుగా, నేను బయటికే కొట్టా! వాళ్ల కెప్టెనే... సార్, మా అమ్మ ఏం చేసింది సార్... ఒక్కసారి అమ్మకివ్వండి..."

"ఆగమను!" త్సెలిసో గొంతు చించుకుంటాడు. "తప్పు నాది! నాతో మాట్లాడమను! ఫోన్ ఇటివ్వు తమ్ముడూ!"

ఇరవై అడుగులు...

పది...

ఫోన్ స్పీకర్‌లోంచి ఆ తల్లి గొంతు. భయం లేదు. కొడుకుని ఊరుకోబెడుతున్న గొంతు.

"ఏడవకు నాయనా..."

ఢాం!

సిబొనెలో చేతుల్లోంచి ఫోన్ జారి సిమెంటు మీద పడుతుంది.

త్సెలిసో ఆగిపోతాడు.

చెవి దగ్గర ఇంకా పులెంగ్.

"హలో? ఉన్నావా? ఏమిటా చప్పుడు?"