ఐదు లీటర్లలో సగం

హజ్రా బీ హోల్‌సేల్ కొట్లో ఏదీ విడిగా అమ్మరు. కందిపప్పయితే ఐదు కిలోల సంచి, నూనైతే ఐదు లీటర్ల క్యాను. ఆ సంగతి తెలిసి కూడా వరలక్ష్మి రెండోసారి అడిగింది, సగం ఇస్తారా అని.

బయట వాన పడుతోంది. వెనక నిలబడ్డ కుర్రాడు బైకు తాళం వేలికి తిప్పుతూ, సగం కావాలంటే ఎదురుగా చిల్లర కొట్టుంది కదండీ అన్నాడు.

వరలక్ష్మి తిరిగి చూసింది. "చిల్లర కొట్లో కొంటే ఇరవై ఆరో తారీఖుకే డబ్బాలు ఖాళీ అవుతున్నయ్. మిగతా నాలుగు రోజులు మీరు పెడతారా?"

తాళం తిరగడం ఆగింది. ఆమె నోట్లు మడిచి పర్సులో పెట్టుకుని మెట్లు దిగబోతుంటే, ఆ కుర్రాడు గొంతు సవరించుకున్నాడు. "నాక్కూడా సగమే కావాలండీ. చెరిసగం పంచుకుందామా?"

హజ్రా బీ అతన్నొకసారి కింద నుంచి పైదాకా చూసి, పప్పు సంచి బల్ల మీద పెట్టింది.

అతని పేరు శివనాగరాజు. ఊరు దుర్గి, పని నరసరావుపేటలో బైకు మెకానిక్. వరలక్ష్మి వాళ్ళ వీధి చివరే గది. అమ్మా, తమ్ముడూ తనతోనే ఉంటారని చెప్పాడు. ముగ్గురున్న ఇల్లే కదా, సగం సరుకులు వాళ్ళకూ సరిపోతాయని వరలక్ష్మి అనుకుంది.

ఆమెకు ఆ సగం చానా అవసరం. చెల్లెలు దేవిక ఇంటర్ రెండో ఏడు. దాని చదువు కోసమే అక్కాచెల్లెళ్ళిద్దరూ నాయనమ్మ నాగేంద్రమ్మను వెంటబెట్టుకుని ఈపూరు నుంచి వచ్చి, చిన్న పోర్షన్‌లో అద్దెకుంటున్నారు. తండ్రి కోటయ్య కౌలు రైతు. బియ్యం ఇంటి నుంచే పంపిస్తాడు. మిగతా సరుకులకు నెలకు నాలుగు వేలు ఇస్తాననీ, అది దాటిన నెల ముగ్గురూ సామాన్లు సర్దుకుని వచ్చేయాలనీ చెప్పాడు. కోపంతో అన్న మాట కాదు, ఆయన దగ్గర అంతకంటే లేక అన్నది. అందుకే వరలక్ష్మికి అది ఇంకా బరువైంది. పరీక్షలు మార్చిలో.

ప్రతి నెలా మొదటి ఆదివారం వరలక్ష్మి వాళ్ళ వరండాలో పంపకం జరిగేది. అతను క్యాను వంచితే ఆమె డబ్బా పట్టేది. నూనె సన్నటి తీగలా దిగుతుంటే ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. పప్పు గ్లాసుతో కొలిచేవాళ్ళు. ఎండుమిరపకాయల వంతు వచ్చేసరికి అతను వరసబెట్టి తుమ్మేవాడు. పల్నాడులో పుట్టి మిరపకాయకు తుమ్మేదేందయ్యా అని నాగేంద్రమ్మ నవ్వేది. అతను కళ్ళు తుడుచుకునే వంకతో వరలక్ష్మి వైపు చూసేవాడు. ఆమె గ్లాసు వైపు చూసి, ఎన్నో గ్లాసో మర్చిపోయి, మళ్ళీ మొదటి నుంచి కొలిచేది.

"వాడి చూపు పప్పు మీద లేదే," అంది ముసలమ్మ ఒకరోజు అతను వెళ్ళాక. నీ చూపు మాత్రం అన్నింటి మీదా ఉంటది అని మనవరాలు విసుక్కుంది గానీ, ఆ సాయంత్రం చారులో ఉప్పు రెండుసార్లు వేసింది.

నెల నెలా మూడొందలు మిగులుతున్నాయి. డిసెంబరుకల్లా దేవికకు కొత్త గైడ్లు కూడా వచ్చాయి.

అయితే వరలక్ష్మికి ఒకటి మాత్రం అర్థం కాలేదు. అతని గది ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్ళినా పోపు వాసన రాలేదు. తీగ మీద ఒక చీరైనా ఆరేసి ఉండలేదు. కందిపప్పు త్వరగా ఉడుకుతోందా అని ఒకసారి అడిగితే, రాత్రే నానబెడతామండీ అన్నాడు. పప్పు రాత్రంతా ఎవరు నానబెడతారని ఆమె చాలాసేపు ఆలోచించింది.

జనవరి చివరి ఆదివారం వాళ్ళింటి ముందు ఆటో ఆగింది. అందులోంచి ఒకావిడ దిగి, నూనె క్యాన్లు మూడు, పప్పు సంచులు రెండు వరండాలోకి చేర్చింది. సంచి మీదున్న కొట్టు పేరు పట్టుకుని హజ్రా బీ దగ్గరికెళ్ళి అడిగితే, సరుకులు సగం సగం పంచుకునేది ఈ ఇంటివాళ్ళతోనేనని ఇల్లు చూపించిందని చెప్పింది. పేరు రోశమ్మ, శివనాగరాజు తల్లి. దుర్గిలో ఉండేది ఆమె, ఆమె భర్త, చిన్నకొడుకు. నెలనెలా పెద్దకొడుకు బస్సులో ఇవన్నీ పంపిస్తున్నాడట. కంపెనీ వాళ్ళు ఊరికే ఇస్తున్నారని చెప్పాడట.

"వాడు మెస్సులో తింటాడమ్మా. గదిలో స్టవ్వు కూడా లేదు," అంది రోశమ్మ. "ఇన్నాళ్ళూ వాడు ఎవరితో పంచుకుంటున్నాడో చూసిపోదామని వచ్చా."

వరలక్ష్మి మొహం ఎర్రబడింది. ఆరు నెలల నుంచి లెక్క సరిచేస్తున్నది తన తెలివి అనుకుంది. కాదన్నమాట. ఒక మనిషి జాలిపడి తమ ఇంటిని నడుపుతున్నాడు.

తల్లి ఫోన్ చేస్తే శివనాగరాజు గ్రీజు చేతులతోనే పరిగెత్తుకొచ్చాడు. క్యాన్లు చూడగానే గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

వచ్చే నెల నుంచి సగం వద్దని వరలక్ష్మి అతనికి నెమ్మదిగానే చెప్పింది. నాలుగు వేలు చాలకపోతే ఊరికి పోతాం గానీ, ఒకరి జాలి మీద మా చెల్లెలు చదవక్కర్లేదంది.

"మొదటి నెల జాలే," అన్నాడతను. "అబద్ధం చెప్పను. రెండో నెల నుంచి కాదు."

"మరి రెండో నెల నుంచి ఏంది?"

అతను తల్లి వైపు చూసి, నాగేంద్రమ్మ వైపు చూసి, దిక్కుతోచక మళ్ళీ ఆమె వైపే చూశాడు. "నెల ఎప్పుడైపోద్దా అని తారీఖులు చూసుకుంటున్నా. మా షెడ్డులో వాళ్ళు జీతం కోసమనుకుంటున్నారు."

లోపల దేవిక పుస్తకం చదవడం ఆపేసిన సంగతి అందరికీ తెలుస్తూనే ఉంది.

వరలక్ష్మి కాసేపు పప్పు సంచి మూతి తాడు సరిచేసింది. మెస్సుకు ఎంత కడుతున్నారని అడిగింది. మూడు వేలన్నాడు. అయితే ఆ మూడు వేలూ ఈ ఇంటి సరుకుల్లో వెయ్యమంది. రెండు పూటలా క్యారేజీ తను కట్టి పంపుతుంది. అతను తిన్నదానికి అతను ఇస్తాడు, వండినదానికి ఆమె తీసుకుంటుంది.

"అప్పుడు ఎవరి మీద ఎవరికీ జాలి ఉండదు," అంది.

ఊరికే క్యారేజీలు తిరిగితే వీధిలో నాలుగు మాటలంటారని రోశమ్మ అడ్డం వచ్చింది. అందుకని ఇట్నుంచి ఇటే ఈపూరు పోయి మీ నాన్నతో మాట్లాడతానంది. వరలక్ష్మి తల దించుకుని, మాట్లాడండి గానీ ఏదైనా దేవిక పరీక్షలయ్యాకేనంది. రోశమ్మ ఆమె గడ్డం పట్టుకుని, రెండు నెలలేగా, మా వాడికి తారీఖులు లెక్కబెట్టడం అలవాటేనంది.

ఆటో ఎక్కించడానికి తల్లి వెనకే బయల్దేరిన అతన్ని వరలక్ష్మి గుమ్మంలోంచి ఆపింది.

"రేపటి క్యారేజీకి అడుగుతున్నా. కారం ఎట్లా తింటావు?"

ఆమె మొదటిసారి నువ్వు అనడం అతను గమనించాడు. "మీరెట్లా వేస్తే అట్లా తింటా."

"అట్లా కాదు. ఇక నాకు ఉన్నదే చెప్పు."

శివనాగరాజు తల గోక్కున్నాడు. దుర్గివాడు, పక్కనే తల్లి నిలబడి వింటోంది.

"చానా తక్కువ," అన్నాడు.