పగడానికి మంచినీళ్ళు

"ఇది పగడం రంగు మేడం. మీకు బాగా నప్పుతాది," అన్నాను, పట్టుచీర మడత విప్పి ఆమె ముందు పరుస్తూ.

"పగడం ఎప్పుడైనా చూసినావాప్పా?"

"చూడకేం? మా నాయన ఉంగరంలో ఉండాది. ఎర్రరాయి."

"రాయి కాదు. జంతువు."

అంగట్లో అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ధర్మవరంలో పుట్టి, పట్టు రంగులను ఉగ్గుపాలతో నేర్చుకున్నవాణ్ణి నేను. ఎవరో అనంతపురం బస్సు దిగి వచ్చి నా పగడానికి ప్రాణం పోస్తోంది!

"జంతువైతే కాళ్ళు యాడుండాయి మేడం?"

"కాళ్ళు లేవు, చేతులుండాయి. పొద్దు వాలితే బయటికి తీస్తాది. మా ల్యాబ్‌లో ఉండేది చచ్చిపోయిన పీసు. లైవ్ కోరల్ నేనూ చూడలేదులే," అంది. ఆ చివరి మాట దగ్గర గొంతు కొంచెం తగ్గింది. ఆ తగ్గిన గొంతుకే నేను పడిపోయాను.

పేరు నాగరత్న. కళ్యాణదుర్గం పిల్ల. అనంతపురంలో ఒక కాలేజీలో జువాలజీ డెమాన్‌స్ట్రేటర్. అక్క పెళ్ళికి చీర కొనడానికి వచ్చింది.

అది ఎనభయ్యో సంవత్సరం ఎండాకాలం. వాన మొహం చూసి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. బోర్లన్నీ ఉప్పు తేలాయి. ఆ నీళ్ళకు బర్రెలు కూడా మూతి పెట్టేవి కావు. తాగడానికి ట్యాంకరు వస్తేనే. అయినా మర్యాద కోసం ఒక గ్లాసు మంచినీళ్ళు అందించాను.

"వద్దు. కరువులో సొంత ఇంట్లో తప్ప యాడా నీళ్ళు తాగగూడదు. మా అవ్వ మాట," అంది లేస్తూ.

ఆ తర్వాత బ్లౌజు పీసుకని ఆమె ఒకసారి వచ్చింది. చీర అంచు బాగలేదని ఇంకోసారి వచ్చింది. అంచు బంగారంలా ఉంది! నేనేమో శాంపిల్ చీరలు సంకన పెట్టుకుని ఆమె కాలేజీకి పోయేవాణ్ణి. "చీరలు ఎవరికి చూపిస్తావప్పా?" అని వాచ్‌మన్ అడిగితే జువాలజీ ల్యాబ్ వైపు చూసేవాణ్ణి.

చివరికి ఒకరోజు గేటు బయటే అడిగేశాను. "రత్నా, మా అమ్మను మీ ఇంటికి తోలుకొని రావాల్నా?"

ఆమె చెప్పు కొసతో కాసేపు మట్టి గీకింది.

"కొలంబోలో మీ మామ అంగడికి చీరలు తీసుకొని పోతాండావు కదా? వచ్చేటప్పుడు లైవ్ కోరల్ తీసుకొని రా. ప్రాణంతో! కాలేజీ లెటర్ నేను రాయించి ఇస్తా. అప్పుడు మీ అమ్మను తోలుకొని మా నాయన దగ్గరికి రా."

"తేలేకపోతే?"

"బెంగళూరు నుంచి బ్యాంకు పిల్లోడు నన్ను చూసేకి వస్తాండాడు. ఆయనకు కాఫీ ఇస్తా."

ఆ కాఫీ నా గుండెల మీద ఒలికినట్టయింది.

చీరలు మామకు అప్పజెప్పి, తిరుగుప్రయాణంలో తలైమన్నారు ఓడరేవు దగ్గర ఒక జాలరిని పట్టుకున్నాను. అతను తీసిచ్చిన పగడం ఎర్రగా లేదు. పిడికెడంత, మట్టిరంగు ముద్ద. దాన్ని గాజు జాడీలో సముద్రపు నీళ్ళలో పెట్టి, జాడీకి తడి గోనె చుట్టి, ఇంకో క్యాను నిండా సముద్రపు నీళ్ళు పట్టుకుని రామేశ్వరం ఓడ ఎక్కాను.

రామేశ్వరంలో కస్టమ్స్ ఆఫీసరు జాడీని అటూ ఇటూ తిప్పాడు. నాకొచ్చిన తమిళం అరకొర, ఆయనకొచ్చిన తెలుగు అంతకన్నా అరకొర.

"రాయా? రాయికి నీళ్ళెందుకు? పారబోసి తీసుకొని పో."

"రాయి కాదు సార్, జంతువు. ఇదో, కాలేజీ వాళ్ళ లెటర్. పాఠాల కోసమని."

ఆయన లెటర్ చదివాడు, మళ్ళీ జాడీలోకి చూశాడు. "జంతువా? తల ఏది?"

"తల లేదు సార్."

"కళ్ళు?"

"లేవు సార్. చేతులుండాయి. పొద్దు వాలేదాకా చూడండి."

నన్ను బెంచీ మీద కూర్చోబెట్టారు. నాతో ఓడ దిగినవాళ్ళంతా పోయారు. కిటికీలోంచి ఎండ తగ్గేకొద్దీ నేను దేవుళ్ళందరికీ పేరుపేరునా మొక్కాను. పొద్దు వాలింది. ఆ మట్టిముద్ద మీద ఒకటి, పక్కన ఇంకొకటి, గోరంత చేతులు మెల్లగా విచ్చుకున్నాయి. ఆఫీసరు కుర్చీ లాక్కుని జాడీ ముందు చేరాడు. లోపలున్న వాళ్ళందరినీ కేకేశాడు. తర్వాత స్టాంపు వేస్తూ అడిగాడు:

"ఇది పాఠానికా, పిల్లకా?"

"రెండింటికీ సార్," అన్నాను.

రైళ్ళలో నిద్ర లేదు. నీళ్ళకు గాలి తగలాలని రత్న చెప్పింది. అందుకని చెంబుతో నీళ్ళు తీసి ఎత్తునుంచి మళ్ళీ జాడీలోకి పోస్తూ కూర్చున్నాను. "టీ ఎంతప్పా?" అని అడిగినవాళ్ళు ఎంతమందో! మద్రాసులో దిగగానే టెలిగ్రాం కొట్టాను: "ప్రాణంతో ఉంది. రా."

ఇల్లు చేరి, జాడీని వంటింట్లో చల్లటి మూల పెట్టి, "అమ్మా, ఇది భద్రం. ప్రాణముండేది," అని చెప్పి బస్టాండుకు పరుగెత్తాను. రత్న దిగింది. చేతిలో భూతద్దం, కళ్ళలో పండగ.

ఇంట్లోకి రాగానే మా అమ్మ భద్రమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది.

"ఏంరా రామాంజీ, ప్రాణముండేదాన్ని ఉప్పునీళ్ళల్లో ఏసిపెట్టినావే? బర్రెలే తాగవే ఆ నీళ్ళు! పారబోసి, మంచినీళ్ళు నిండుగా పోసినా. నేను తాగే నీళ్ళే. పాపం, యాడనుంచి వచ్చిందో, దానికీ నోరెండి ఉంటాదని."

రత్న జాడీ ముందు కూర్చుని భూతద్దం పెట్టి చూసింది. చేతులు లేవు. మట్టిరంగు మీద తెల్లటి జిగురు తేలుతోంది.

"ఏమాయ తల్లీ?" అంది అమ్మ.

"అది సముద్రంలోది. మంచినీళ్ళు దానికి పడవు," అంది రత్న మెల్లగా.

అమ్మ ముఖం వాడిపోయింది. "నేనే చంపినానా?" అంటూ గుమ్మంలో కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎండకు పగిలిన ఆమె పెదవులు అప్పుడు చూశాను. పొద్దుటినుంచి ఆమె గొంతు తడుపుకోలేదు.

ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. కళ్ళముందు బెంగళూరు పిల్లోడు కాఫీ ఊదుకుంటూ కనిపించాడు.

"పోనీలే రత్నా. షరతు షరతే. బస్సు ఎక్కిస్తా పా," అన్నాను.

ఆమె కదల్లేదు. భూతద్దం సంచిలో పెట్టుకుంది. అమ్మ పక్కన గుమ్మంలో కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.

"దప్పికైతాంది. నాకు ఒక గ్లాసు మంచినీళ్ళియ్యి అత్తా."

వాళ్ళ అవ్వ మాట అమ్మకు తెలియదు. నాకు తెలుసు. కళ్ళు తుడుచుకుంటూ అమ్మ లోపలికి పోయింది. బిందె వంచిన చప్పుడు, అడుగున గీకిన చప్పుడు వినిపించాయి. గ్లాసు నిండలేదు.

రత్న సగం తాగి, మిగతా సగం అమ్మ నోటికి అందించింది. ఆ తర్వాత నావైపు తిరిగింది.

"నీకు లేవు. పోయి ట్యాంకరు కాడ నిలబడు. ఇంట్లో మనుషులు పెరిగినారు."