వెలుగుతూనే పనిచేయని దీపాలు

రాజేంద్ర కుర్చీలో కూర్చోకముందే తలుపు మూయమన్నాడు.

అతను భయపడుతున్నాడని ఓబన్న ఇట్టే కనిపెట్టాడు. ఊళ్లో ఎదురైతే నలుగురూ లేచి నిలబడే భూస్వాముల ఇంటి మనిషి. అలాంటివాడు అనంతపురంలో కుట్టుమిషన్ల దుకాణం పైనున్న ఈ ఇరుకు డిటెక్టివ్ ఆఫీసుకు మెట్లెక్కి వచ్చాడంటే సంగతి చిన్నది కాదు.

"మేడమ్, నా ప్లాంటులో ఒకడు దొంగదెబ్బ తీస్తాండాడు. ఎవడో నాకు తెలుసు. మీరు రుజువు పట్టియ్యల్ల."

"తెలిసినాక నేనెందుకు?" అంది ఈశ్వరి. నలభై దాటిన మనిషి, మొహమాటం లేని నోరు. ఆమె దగ్గర సహాయకుడిగా చేరినప్పటి నుంచీ ఓబన్నకు ఆమె మాటే వేదం.

రాజేంద్ర చెప్పుకొచ్చాడు. అతను ఊరి మురుగునీటి శుద్ధి కేంద్రానికి మేనేజరు. మురుగు తేరి, వడకట్టబడి, చివరికి ఒక కాలువలో యూవీ దీపాల మధ్య నుంచి పారుతుంది. ఆ కిరణాలకు క్రిములు చస్తాయి. ఆ నీళ్లే చీనీ తోటలకు, అంటే బత్తాయి తోటలకు పోతాయి. దసరా తర్వాత నుంచి పరీక్షల్లో నీళ్లు తప్పుతున్నాయి. అధికారులు తోటలకు నీళ్లు ఆపేశారు. వాన లేని ఈ సీమలో చీనీ చెట్లు నిలువునా ఎండుతుంటే రైతులు ప్లాంటు మీదికి వచ్చి తిట్టిపోతున్నారు.

"దీపాలన్నీ వెలుగుతాండాయి. కిరణాన్ని కొలిచే సెన్సరు కూడా అంతా బాగుండాదనే చూపిస్తాండాది. ఐనా క్రిములు చావట్లే! ఆపరేటరు జాయ్ పక్కగేటు ఎత్తి పచ్చి మురుగు కలుపుతాండాడు."

"చూసినారా?"

"చూడల్లా ఏంది? చర్చికి పోయే మనిషి, మా పూజలంటే పడదు. ఇదో, ఆయుధపూజ ఫొటో. అందరం ఉండాం, వాడొక్కడే లేడు. అప్పట్నుంచే చెడింది. డ్యూటీకి రావద్దని చెప్పేసినా. మీరు రుజువిస్తే పోలీసులకు అప్పజెప్తా."

ఈశ్వరి ఫోను తీసుకుని ఫొటోను పెద్దది చేసింది. కాలువలోంచి పైకి తీసిన దీపాల చట్రాలు గోనెపట్టాల మీద వరసగా ఉన్నాయి. దీపాల చుట్టూ ఉండే గాజుగొట్టాలకు బంతిపూలు, పసుపు, కుంకుమ. మధ్యలో రాజేంద్ర, చేతిలో ఇత్తడి గిన్నె.

"గిన్నెలో ఏముండాది?"

"మా ఇంటి చెనిక్కాయ నూనె, గానుగలో ఆడించింది. దున్నే మడకలకు, కొడవళ్లకు పూస్తాం కదా, అట్లే పంపులకూ వాటికీ పూసినా. మా తాతల కాలం నుంచీ వస్తాండే పద్ధతి."

ఓబన్నకు ఇందులో వింతేమీ కనిపించలేదు. దసరాకు వాళ్ల నాయన కూడా బోరు మోటారుకు నూనె రాసి దండం పెట్టేవాడు.

ప్లాంటులో నీళ్లు పరీక్షించే అమ్మాయి ప్రసూన. ఆమె ఈశ్వరినీ ఓబన్ననూ కాలువ దగ్గరికి తీసుకుపోయింది. దీపాల మధ్య నుంచి నీళ్లు తేటగా, వాసన లేకుండా పారుతున్నాయి.

"పరీక్ష తప్పిన రోజుల్లో నీళ్లలో మడ్డి కానీ వాసన కానీ పెరిగిందామ్మా?"

"లేదు మేడమ్. ఎప్పట్లాగే తేటగా ఉండాయి. క్రిములొక్కటే చావలేదు."

"సీసాలు పట్టేదెవరు?"

"నేనే. నల్లగుడ్డ చుట్టి, ఐసు పెట్టెలో పెట్టుకుని నేనే ల్యాబుకు తీసకపోతా. ఇంకో చెయ్యి పడదు."

"ఈ సెన్సరు ఏ దీపాన్ని చూస్తాది?"

"చట్రానికి నడిమి దీపాన్ని ఒక్కదాన్నే. ఈ ఇనప పట్టీ అడ్డమొస్తాది కాబట్టి ఆ గొట్టానికి చెయ్యి పోదు. దాన్ని తుడవాలంటే పట్టీ విప్పల్ల. వారం వారం గొట్టాలు తుడిచేది జాయ్ పని."

జాయ్ ఇంటికి వెళ్లేసరికి అతను వాకిట్లో నిలబడి ఉన్నాడు. లోపలినుంచి అతని భార్య ఏడుపు వినిపిస్తోంది.

"గేటు ఎత్తినావా?"

"ప్రమాణంగా లేదక్కా."

"పూజకు ఎందుకు పోలేదు?"

"పోయినా అక్కా. ప్లాంటు వాకిలి కాడ నిలబడినా. ఎవరూ లోపలికి రమ్మనలే."

"దసరా తర్వాత గొట్టాలు తుడిచినావా?"

జాయ్ తల వాలిపోయింది. "తుడవలే. తప్పు నాదే అక్కా. ఇంకేం అడగొద్దు."

వీధిలోకి రాగానే ఓబన్న ఆగలేకపోయాడు. "ఒప్పుకున్నట్టే కదక్కా! నేను మొదట్నుంచీ అనుకుంటానే ఉండా, మొగం చూస్తేనే తెలుస్తాది."

"ఏం తెలిసిందప్పా నీకు మొగంలో? మెడలో సిలువ తెలిసింది, అంతే కదా?" ఈశ్వరి గొంతు కటువుగా పలికింది. ఓబన్న చెవులు కాలిపోయాయి. అదే నిజం మరి.

ఈశ్వరి ఒక పరీక్ష పెట్టించింది. కరెంటు తీయించి చట్రాలు పైకి ఎత్తించింది. ఒక చట్రంలోని గొట్టాలన్నిటినీ ఓబన్న చేత సబ్బునీళ్లతో, స్పిరిట్‌తో రుద్దించింది. అరచేతులు మండేదాకా రుద్దితే గానీ గాజు మీది జిగురు వదల్లేదు. రెండో చట్రాన్ని ముట్టుకోనివ్వలేదు. తర్వాత ఒక్కో చట్రాన్నే వెలిగించి, నీళ్లు ఒకే వేగంతో వదిలించి, ప్రసూన చేత దీపాలకు ముందూ వెనకా సీసాలు పట్టించింది. ల్యాబులో ఆ సీసాల నీళ్లలోని క్రిములు పెరిగి కంటికి కనబడేదాకా ఆగి, అందర్నీ కాలువ గట్టు మీదికి పిలిచింది. జాయ్‌ని కూడా రప్పించింది. అతను అందరికీ ఎడంగా నిలబడ్డాడు.

"పచ్చి మురుగు కలిసుంటే నీళ్లు మబ్బుగా మారల్ల, కంపు కొట్టల్ల. రెండూ లేవు. కాబట్టి గేటు ఎవరూ ఎత్తలే" అంది ఈశ్వరి. "సీసాలు మార్చే సందు లేదు. మిగిలింది దీపాలే. ప్రసూనా, ఏమొచ్చిందో చెప్పమ్మా."

"రుద్దిన చట్రం కింద క్రిములు చచ్చినాయి మేడమ్. రుద్దని చట్రం కింద అట్లే ఉండాయి."

"రెండిట్లోనూ దీపాలు వెలిగినాయి కదా!" అన్నాడు రాజేంద్ర.

"మన కంటికి కనబడే వెలుగు వేరు, క్రిముల్ని చంపే కిరణం వేరు సార్. మీరు గొట్టాలకు పూసిన నూనె, దాంట్లో కలిసిన పసుపు, దీపం వేడికి ఎండి గాజుకు పొరగా పట్టింది. కనబడే వెలుగు దాన్ని దాటొస్తాది, ఆ కిరణం దాటలేదు. సెన్సరు చూసే నడిమి గొట్టానికి మీ చెయ్యి పోలేదు. అందుకే అది అంతా బాగుందని చెప్తానే ఉండాది. పూజ తప్పు కాదు. నేనూ నా స్కూటరుకు చేస్తా. గాజుకు నూనె పూయడమే తప్పు. ఆ పొద్దు ఈ గొట్టాలను ముట్టుకోని మనిషి ఒక్కడే ఉండాడు. మీరు దొంగని చేసింది ఆయన్నే."

రాజేంద్ర ముఖంలో నెత్తురు చుక్క లేదు. వెంటనే జాయ్ వైపు తిరిగాడు. "మరి నువ్వెందుకు తుడవలేదప్పా? వారం వారం నీ పనే కదా! ఒక్కసారి తుడిచింటే ఇంత జరిగేదా?"

జాయ్ చేతులు కట్టుకుని చెప్పాడు.

"గుడ్డ పట్టుకుని దిగినా సార్. గొట్టాల మీద పసుపూ కుంకుమా ఉండె. మీరు దేవునికి పెట్టిన బొట్టు. నేను తుడిస్తే... జాయ్ గాడు పూజ చెరిపినాడని ఊరంతా అంటాది. భయమై ఎక్కొచ్చేసినా. తర్వాత ఎన్నిసార్లు దిగినా చెయ్యి రాలే. మీ పూజ వల్లే చెడిందేమో అని నా నోటితో యాడ చెప్పల్ల సార్?"

ప్రసూన కళ్లు తుడుచుకుంది. ఓబన్నకు తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అతనికి ఈశ్వరి ముఖం చూడాలన్నా, జాయ్ ముఖం చూడాలన్నా సిగ్గేసింది.

రాజేంద్ర రెండడుగులు ముందుకేసి చేతులు జోడించబోయాడు. జాయ్ కంగారుగా వెనక్కి జరిగాడు. పెద్ద మనిషి తనకు దండం పెడుతుంటే ఎవరైనా చూస్తే, దానికి కూడా తననే అంటారేమోనని అతని భయం. అది గట్టు మీద అందరికీ అర్థమైంది. రాజేంద్ర చేతులు సగంలోనే ఆగిపోయాయి.

"సార్," అన్నాడు జాయ్ నేల చూస్తూ, "రేపట్నుంచి డ్యూటీకి రావచ్చా?"