పదిహేడు ఊపిర్లు

ఉదయం తొమ్మిదింటికి ముసలి డాక్టరు తన లేబొరేటరీ కుర్చీలోనే చనిపోయి ఉన్నాడు. గుండెపోటని రాసిచ్చేశారు. సీక్రెట్ ఏజెంట్ ఉడుం మాత్రం ఫోటో మీద భూతద్దం పెట్టి చూశాడు. రెండు కనుపాపలూ గుండుసూది మొనంత ఉన్నాయి.

"గుండెపోటు కాదు బాస్. ఓపియాయిడ్. నల్లమందు జాతి విషం. మెదడు ఊపిరి తీసుకోవడం మర్చిపోయింది."

బాస్ ఫైల్ మూశాడు. "విదేశీ ముఠా. కోడ్ నేమ్ ఎర్రపువ్వు. కొత్త నొప్పి మాత్ర తెస్తున్నారు, అలవాటు కాదని ప్రచారం. అది అబద్ధమని ఈయన పరీక్షల్లో తేలింది. ఎల్లుండి పదకొండింటికి డ్రగ్ కమిటీ ముందు ఆయన కూతురు సాక్ష్యం చెబుతుంది. తనూ డాక్టరే. పదకొండు కొట్టేసరికి సాక్షి కుర్చీలో లేకపోతే లైసెన్స్ పాసైపోతుంది. ప్రాణాలతో చేర్చు. నీకు తెలిసిన శత్రువేగా?"

"తెలిసిన శత్రువేంటి బాస్, రెండేళ్లు నాలో కాపురం పెట్టింది."

అప్పట్లో ఉడుం తొడలో దిగిన బుల్లెట్‌కు ఆస్పత్రిలో మార్ఫిన్ ఇచ్చారు. గాయం మానింది, మార్ఫిన్ మానలేదు. వీడింక పనికిరాడని డిపార్ట్‌మెంట్ రాసింది. ఉడుం దాన్ని వదిలించుకుని ఏడేళ్లయింది. ఆ కాగితాన్ని బాస్ ముందే చింపేశాడు.

బాస్ ఒక పెన్ను తోశాడు. "నాలొక్సోన్ స్ప్రే. విరుగుడు. ముక్కులో పెట్టి నొక్కాలి. ఒక్కటే డోసు. అక్కడ నీకు చిలక తోడుంటుంది."

చిలక రెండేళ్లుగా ముఠాలో ఉంటూ మనకు కబుర్లు చేరవేస్తున్న మనిషి. అందగత్తె, ఆ సంగతి తనకూ బాగా తెలుసు.

సాక్ష్యం రోజు పదింబావుకు, గుమాస్తా వేషంలో ఫైళ్ల కట్ట మోస్తూ ఉడుం డాక్టరమ్మతో కమిటీ భవనంలోని వెయిటింగ్ రూమ్‌లో కూర్చున్నాడు. కిటికీ లేని గది. పది ముప్పైఅయిదుకు ఆకుపచ్చ గౌనులో చిలక వచ్చింది.

"వానొచ్చేలా ఉంది."

"గొడుగు ఇంట్లోనే ఉంది."

కోడ్ సరిపోయింది. ఆమె మూడు కాఫీలు తెచ్చింది. తండ్రి పోయినప్పటి నుంచి సరిగా తినని డాక్టరమ్మ కప్పు ఖాళీ చేసేసింది. ఉడుం సగం తాగాడు. చిలక తన కప్పు ముట్టలేదు. ఫోన్ చేసి వస్తానని బయటికి వెళ్లింది. తాళం పడిన చప్పుడైంది.

అప్పుడే ఉడుం ముక్కు దురద పెట్టింది. ఇంకొకరైతే గోక్కుని ఊరుకునేవారు. ఆ మందుతో కాపురం చేసినవాడికి మాత్రం దాని రాక అలాగే తెలుస్తుంది. తర్వాత నోరు ఎండింది. ఒళ్లంతా వెచ్చగా అయింది. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. ఆ హాయికే ఉడుంకు ఒళ్లు మండింది. కంచే చేను మేసింది.

పక్కన డాక్టరమ్మ తల వాలింది. పెదవులు నీలం తిరుగుతున్నాయి. ఉడుం ఆలోచించలేదు. పెన్ను ఆమె ముక్కులో పెట్టి నొక్కాడు. రెండు నిమిషాలకు ఆమె ఎగశ్వాసతో లేచి కూర్చుంది.

"మీకో?"

"ఒక్కటే ఉంది. వాడేశాను."

"మీరు చచ్చిపోతారు!"

"ఆ మాట చాలామంది అన్నారు డాక్టరమ్మా. ఇంకా ఎదురుచూస్తున్నారు."

ఆమె అతని గడ్డం పట్టుకుంది. "వినండి. ఇది ఊపిరిని మరిపిస్తుంది. చెవి ఇంకా పనిచేస్తుంది. నేను చెప్పినప్పుడల్లా పీల్చండి. పీల్చండి!"

పీల్చాడు. గోడకున్న ఫైర్ సిలిండర్ తీసి తాళం మీద నాలుగు దెబ్బలు వేశాడు. పది యాభైతొమ్మిదికి హాల్లో అడుగుపెట్టారు. డాక్టరమ్మ సాక్షి కుర్చీకి పరిగెత్తుతూనే, "అంబులెన్స్!" అని గార్డుకు కేకేసింది. ముందువరుసలో చిలక లేచింది. జనం వచ్చిపోయేందుకు ఉన్న ఒకే తలుపు లోపలికి తెరుచుకునేది. ఉడుం దానికి వీపు ఆనించి నేలమీద కూలబడ్డాడు. తొంభై కిలోలు.

మైకులో గొంతు వినిపించింది. "వేల ఏళ్ల కిందటే మనిషి గసగసాల కాయకు గాటు పెట్టి పాలు తీశాడు. నొప్పి తగ్గింది. మందు మంచిదే. ఊపిరి పీల్చండి! చెడ్డది అబద్ధం. తర్వాత మార్ఫిన్ తీశారు. నల్లమందు అలవాటుకు ఇదే విరుగుడన్నారు. పీల్చండి! మార్ఫిన్‌కు హెరాయిన్ విరుగుడన్నారు, దగ్గుమందని అమ్మారు. పీల్చండి!"

చైర్మన్ కళ్లజోడు సర్దుకున్నాడు. "అమ్మా, ఎవరితో మాట్లాడుతున్నారు?"

"మీతోనూ, ఆ తలుపు దగ్గరాయనతోనూ. ఆ మాత్రలో ఉన్నదే ఆయన ఒంట్లో ఉంది. పీల్చండి! ఆయన కనుపాపలు చూడండి. ఎన్నేళ్లు వాడినా, ఒళ్లు దేనికి అలవాటు పడినా, ఆ కనుపాపలు మాత్రం దాచలేవు. మా నాన్న కళ్లూ అలాగే ఉన్నాయి. ఇవిగో ఆయన పరీక్షలు. వందలో ముప్పైఒక్కరు మానలేకపోయారు. పీల్చండి!"

చిలక తలుపు పిడి లాగింది. కదల్లేదు. వంగి అతని చెవిలో మెత్తగా అంది. "నిద్రపో ఉడుం. ఎంత హాయిగా ఉంటుందో నీకు తెలుసుగా."

"తెలుసు. అందుకే నిద్రపోను."

అతని చెయ్యి ఆమె చీలమండ మీద బిగిసింది. ఆ పేరు అతనికి ఊరికే రాలేదు. కాఫీ ఇచ్చింది ఆమేనని డాక్టరమ్మ వేలు చూపింది. గార్డులు ఆమెకు సంకెళ్లు వేశాక, అతని ఒక్కొక్క వేలూ విప్పాల్సి వచ్చింది.

వేదిక వెనకున్న సభ్యుల గదిలోంచి అంబులెన్స్ మనుషులు దూసుకొచ్చేసరికి డాక్టరమ్మ చివరిసారి అరిచింది. ఉడుం పీల్చలేదు. హాలంతా ఊపిరి బిగబట్టింది. ముక్కులో స్ప్రే పడింది. ఎంతోసేపటికి అతని ఛాతీ లేచింది. అప్పుడే కమిటీ సభ్యులూ ఊపిరి పీల్చారు. డాక్టరమ్మ మైకు ముందే భోరున ఏడ్చింది.

లైసెన్స్ పాస్ కాలేదు. మర్నాడు బాస్ ఆస్పత్రికి కమిటీ రికార్డు తెచ్చాడు. స్టెనో ఒక్క మాటా వదల్లేదు. 'పీల్చండి' పదిహేడుసార్లు టైపు చేసింది.

ఉడుం చివరి పేజీ చదివాడు. సాక్షి సూచనలన్నిటినీ కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించినట్టూ, వాటిలో ఒకదాన్ని సభ్యులు అక్కడికక్కడే అమలు చేసినట్టూ రాసి ఉంది.