సూదిబాబు బుడగలు

“వచ్చేశాయి!”

బస్సు కిటికీకి తల ఆనించి కునుకుతున్న నాకు ఫోన్‌లో మా ఆయన నోట వినిపించింది ఆ ఒక్క మాటే.

“ఎవరు? అత్తయ్యావాళ్లా?” నిద్రమత్తులో ‘వచ్చేశారు’ అన్నట్టు వినిపించి హడలిపోయాను. కొత్త కోడలిని కదా, ఇల్లు ఏ స్థితిలో వదిలి వచ్చానో కళ్లముందు మెదిలింది.

“కాదే తల్లీ! నా బ్లాస్టోసిస్టులు!”

నిద్రమత్తు ఎగిరిపోయింది.

మాది ఎలుకల పిండాలు తొలి రోజుల్లో ఎలా పెరుగుతాయో చూసే ల్యాబ్. కొన్ని పిండాలు తల్లి ఎలుక కడుపులో సహజంగా మొదలైనవి. కొన్ని, డిష్‌లో అండాలనూ శుక్రకణాలనూ కలిపి వాటి మానాన వదిలేస్తే ఏర్పడినవి. మిగతావి, అండంలోకి సూదితో శుక్రకణాన్ని ఎక్కించి చేసినవి. మొదటిది లవ్ మ్యారేజ్, రెండోది పెద్దలు కుదిర్చింది, మూడోది మెడలు వంచి చేసింది అని మావాళ్ల జోకు. డిష్ నాది. సూది మా ఆయనది. అందుకే ల్యాబంతా అతన్ని సూదిబాబు అంటారు.

నావి సహజమైనవాటికంటే కాస్త వెనకబడినా, చివరికి బుడగల్లా ఉబ్బేవి. ఆ దశే బ్లాస్టోసిస్ట్. సూదిబాబువి మాత్రం ప్రతిసారీ మధ్యలోనే చతికిలబడేవి.

“సూది దెబ్బకి తట్టుకోలేకపోతున్నాయి. ఈ ఒక్క బ్యాచ్ చూసి ఆపేద్దాం. నిన్ను వేరే ఊరి ల్యాబ్‌వాళ్లు అడుగుతున్నారు” అని మా ల్యాబ్ హెడ్ మేడమ్ అతనితో తేల్చేశారు. పెళ్లయిన కొత్తలోనే చెరో ఊరు! ఆ దిగులుకి పని అలసట తోడై, ఇంటికెళ్లాక ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చునే నిద్రపోయేవాళ్లం.

అంతలో అమ్మకి కంటి ఆపరేషన్ అని నేను వెళ్లాల్సి వచ్చింది. ఆ ఆఖరి బ్యాచ్ నేను లేనప్పుడే జరిగింది.

బస్సు దిగి, బ్యాగుతో సహా తిన్నగా ల్యాబ్‌కే వెళ్లాను. సూదిబాబు మైక్రోస్కోప్ పక్కన నిలబడి ఉన్నాడు. గడ్డం మాసింది. రెండు కాళ్లకీ రెండు రంగుల మేజోళ్లు. ఎంత ముద్దొచ్చాడో!

“చూడు, చూడు.”

చూశాను. ముత్యాల్లాంటి బుడగలు.

“నీవాటికంటే ఆలస్యం. కొన్ని రాలేదు కూడా” అన్నాడు. “అయినా వచ్చాయి.”

“సూది మార్చావా?”

“లేదు.”

“మీడియం?”

“నువ్వు కలిపి పెట్టి వెళ్లిన పోషక ద్రవమే.”

“మరేం మారింది?”

బుర్ర గోక్కున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“నువ్వు లేవు.”

“ఓహో! అంటే నేను నీ పాలిట శనినన్నమాట!”

“అయ్యో, కాదోయ్! నీ గదికి రావాలంటే పని ఉండాలన్నావుగా?”

నిజమే. ల్యాబ్‌లో మొగుడూపెళ్లాల కబుర్లు కుదరవని రూలు పెట్టింది నేనే. పిండాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటరూ, మైక్రోస్కోపూ ఉన్నది నా గదిలో. పాపం, వచ్చినప్పుడల్లా తన డిష్ బయటికి తీసి, మైక్రోస్కోప్ కింద పెట్టుకుని కూర్చునేవాడు.

“నువ్వు ఎంబ్రియోలను చూస్తున్నావనుకున్నాను!”

“ఒక కన్ను వాటిమీదే ఉండేది.”

“రెండోది?”

“దానివల్లే కదా ఈ గొడవంతా!”

వెచ్చగా ఉండాల్సిన పిండాలు, ఇతగాడు నన్ను చూస్తున్నంతసేపూ చల్లారిపోయేవన్నమాట! నేను ఊళ్లో లేకపోయేసరికి గదికి రాబుద్ధి కాలేదట. ఇంక్యుబేటర్ తలుపు మూసే ఉంది. అవి హాయిగా పెరిగాయి.

నవ్వాలో, నెత్తిన ఒకటి మొట్టాలో తెలియలేదు.

“అనవసరంగా సూదిని ఆడిపోసుకున్నాం.”

“ఒక్క బ్యాచ్‌తో ఏం తేలుతుంది? పాతవన్నీ పక్కన పడేసి, మళ్లీ మొదటినుంచి చెయ్యాలి” అన్నాడు.

మళ్లీ మొదటినుంచి! ఇద్దరం స్టూళ్లమీద కూలబడ్డాం. నాకు నడుం లాగేస్తోంది, అతనికి కళ్లు మూతలు పడుతున్నాయి.

“మేడమ్ చీల్చి చెండాడతారు.”

“తిట్టనీ. ఆపేయడం మాత్రం కుదరదుగా. తప్పు సూదిదా, నాదా తేలాలిగా.”

“తేల్చేదెవరు?”

“నేనే. ఈ ఊళ్లోనే, ఈ ల్యాబ్‌లోనే.”

ఆ మాటతో నా ఒంట్లో అలసటంతా ఒక్కసారి తియ్యగా మారిపోయింది. రూలు సంగతి మరిచిపోయి, అతని భుజమ్మీద తల పెట్టేశాను.

“రేపు పొద్దున్నే మేడమ్‌కి ఉన్నదున్నట్టు చెప్పేద్దాం” అన్నాను. “చెప్పేది నువ్వే.”

“రెండో కన్ను సంగతి కూడానా?”

“అది కూడా! తర్వాత ఇంక్యుబేటర్ తలుపుమీద ‘సూదిబాబు ముట్టుకోరాదు’ అని అతికిస్తాను.”

అతని మొహం వాడిపోయింది. “మరి నేను నీ గదికి ఎలా రావాలి?”

“టీ టైముకి ఖాళీ చేతుల్తో రా. నా పక్కన స్టూలు వేసి ఉంచుతాను.”