కురుమయ్య ఉంగరం

తెలంగాణ రాష్ట్రం వచ్చాక ఐదో ఎండాకాలం అది. మహబూబ్‌నగర్ ఊరి బయట, రాళ్లగుట్టకు ఆనుకుని ఉన్న ఒక ప్రైవేటు కాలేజీకి సెలవులిచ్చేశారు. రెండో అంతస్తులో ఉన్న కెమిస్ట్రీ ల్యాబులో మాత్రం మంజులత ఒక్కతే ఉంది. ఉదయం ఏడింటికే వచ్చి, పొయ్యి మీద ఎసరు పెట్టినట్టు హాట్‌ప్లేటు మీద ఫ్లాస్కు పెట్టింది. ఇలా పెట్టడం ఇది ఎనిమిదోసారి. ఏడుసార్లూ చివరికి పసుపుపచ్చ జిగురే మిగిలింది.

కావలసింది జిగురు కాదు, తెల్లటి పొడి. రెండు నత్రజని పరమాణువులు కూర్చున్న ఒక వలయం. మనం మింగే మందుగోలీల్లో చాలావాటికి ఇలాంటి వలయాలే ప్రాణం. ల్యాబు పిల్లలు దాన్ని ముద్దుగా ఉంగరం అంటారు. లోకమంతా ఖరీదైన లోహాలు వేసి చేసే ఆ ఉంగరాన్ని, ఏ లోహమూ వేయకుండా, ఒకే ఫ్లాస్కులో చేసే కొత్త దారి మంజులత థీసిస్ మూడో అధ్యాయంలో ఉంది. దాన్నే పేపరుగా రాసి పంపితే సైన్సు పత్రికవాళ్లు మెచ్చుకున్నారు. మెచ్చుకుని, మళ్లీ తాజాగా చేసి, పదార్థం ఎంత స్వచ్ఛమో గీతల్లో చూపే స్పెక్ట్రమ్ తీయించి పంపమన్నారు. పేపరు ఒప్పుకుంటేనే థీసిస్ తీసుకుంటారు. దొరికిన పొడిగింపులన్నీ అయిపోయాయి. నెలాఖరు దాటితే పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రద్దు, ఆరేళ్ల చదువు గంగపాలు. నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి.

ఇక్కడ ఒక మాట దాచి లాభం లేదు. ఆ దారి మంజులతది కాదు, కురుమయ్యది.

కురుమయ్య ఆమె సీనియర్. మక్తల్ అవతల గొర్లు కాసే ఇంటి నుంచి వచ్చి, ఏడేళ్లు ఈ బల్ల దగ్గరే నిలబడి పనిచేశాడు. మంజులత బల్ల అప్పట్లో కింది అంతస్తులో ఉండేది. పొగ లాగే ఫ్యాను చెడిపోయిందని చెప్పి చెప్పి అతని నోరు నొప్పెట్టింది. గైడు ప్రేమ్‌సాగర్ సార్ చూద్దాం అన్నాడు. చూద్దాం, చూద్దాం అంటుండగానే దగ్గు మొదలైంది, దగ్గులో రక్తం పడింది, నిరుడు దసరాకు ముందే మనిషి పోయాడు. పదకొండో రోజైనా కాకముందే సార్ అతని నోట్‌బుక్కులు తెచ్చి మంజులత ముందు పెట్టాడు.

"రాసుకో అమ్మా. చచ్చినోనికి పీహెచ్‌డీ ఏం పనికొస్తది? నీకన్న అక్కెరకొస్తది."

ఆమె రాసుకుంది. మొదటి రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు నుంచి సయించింది. మనిషి కడుపుకు సిగ్గు తక్కువ.

ఇప్పుడు ఆ నోట్‌బుక్కులో ఉన్నదంతా అక్షరం పొల్లుపోకుండా చేస్తోంది. ఇన్ని గ్రాములు, ఇంత వేడి, ఆరు గంటలు, నైట్రోజన్ కింద. అంటే బయటి గాలి లోపలికి చొరబడకుండా, సిలిండర్ నుంచి నైట్రోజన్ పట్టిన రబ్బరు బెలూన్‌ను ఫ్లాస్కు మూతికి బిగించాలి. మంజులత ఎర్ర బెలూన్ పెట్టి, దారం మూడు చుట్లు చుట్టి గట్టిగా ముడేసింది.

పన్నెండు దాటింది. గాజు సామాను కడిగే నర్సింగమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"నేను పోయి తినొస్త బిడ్డా. నువ్వు తిన్నవా?"

"ఇది అయినంక తింట అవ్వా."

"మిట్ట మద్దెన్నం గిట్ల ఒక్కదానివి కూసోవద్దు. కిందికి రారాదూ?"

"ఏం కాదు. నువ్వు ఫికర్ చెయ్యకు, పో."

నర్సింగమ్మ చెప్పుల చప్పుడు మెట్లు దిగి, వరండా దాటి, వినపడకుండా పోయింది. కిటికీ అవతల గుట్ట మీద రాళ్లు ఎండకు తెల్లగా కాగుతున్నాయి. కాకి కూడా అరవడం లేదు. ఫ్లాస్కులో తిరిగే అయస్కాంతపు ముక్క గాజుకు తగులుతూ టక్, టక్ అంటోంది.

అప్పుడు బెలూన్ కొంచెం కుంగింది. మళ్లీ ఉబ్బింది.

వేడికి బెలూన్ కదలడం మామూలే. కానీ ఇది వేరు. కుంగడం, ఒక్క క్షణం ఆగడం, ఉబ్బడం. కుంగడం... ఆగడం... ఉబ్బడం. తనకు తెలియకుండానే తను కూడా దాంతోపాటు ఊపిరి తీసి వదులుతోందని మంజులతకు కాసేపటికి గానీ తట్టలేదు. తట్టగానే ఊపిరి బిగబట్టింది.

బెలూన్ కూడా ఆగింది.

పొద్దున్నుంచి ఏమీ తినలేదు, అందుకే కళ్లు ఇలా చేస్తున్నాయి అని తనకు తానే సర్దిచెప్పుకుంది. సూదితో ఫ్లాస్కులోంచి ఒక చుక్క తీసి, వేలెడంత పలక మీద పెట్టి, పని ఎంతవరకు వచ్చిందో చూడటానికి చీకటి గదిలోకి పోయింది. పేరుకే గది. కిటికీకి నల్లకాగితం అంటించిన పాత స్టోరు అది. తలుపు వేస్తే పట్టపగలే కన్ను పొడుచుకున్నా కానరాదు. ఊదారంగు దీపం కింద ఉంగరం తయారైతే చుక్క నీలంగా మెరవాలి. పలక పెట్టి దీపం వేసింది.

పసుపే. ఎనిమిదోసారీ పసుపే. ఏడుపు వచ్చింది.

అంతలో వాసన. ముందు ల్యాబు కోటుల్లో ఇంకిపోయే మందుల కంపు. దాని వెనకే తడిసిన గొంగడి వాసన. వాన పడి రెండు నెలలైంది...

వెనక ఎవరో దగ్గారు.

"ఎవరు?"

దగ్గు.

"అవ్వా... నువ్వేనా?"

"తియ్యి చెల్లే..."

ఆ పిలుపు ఎవరిదో ఆమెకు తెలుసు. తల తిప్పలేదు. మెడ తిరగలేదు.

"కురుమయ్యన్నా..."

"ఊపిరాడతలేదు దానికి... తియ్యి."

మాట చెవి పక్కకు వచ్చింది. చల్లగా లేదు. జ్వరమొచ్చినవాడి ఊపిరిలా వేడిగా ఉంది.

"ఏం తియ్యాలన్నా?"

"అబద్ధం రాసిన... సార్ రాయమన్నడు... రాసిన."

"అన్నా, నీ కాల్మొక్త..."

"నా పేరు..."

"పెడత అన్నా. నీ పేరే ముందు పెడత. ఒట్టు. మా బాపు మీద ఒట్టు!"

దగ్గు ఆగింది. దీపం దానంతట అదే ఆరింది. తలుపు గడియ కోసం చీకట్లో తడిమితే, ఇనుము తగల్లేదు. గరుకైన ఉన్ని తగిలింది. వెచ్చగా... మెల్లగా పైకీ కిందికీ కదులుతూ.

ఎలా బయటపడిందో ఆమెకే తెలియదు. ల్యాబులో వెలుతురు కళ్లలో పొడిచింది. ఎర్ర బెలూన్ బల్ల మీద సోలిపోయి పడి ఉంది. దాని మెడకు మూడు చుట్ల దారం అలాగే ఉంది, ముడి విప్పలేదు. తెరుచుకున్న ఫ్లాస్కు గొంతు లోపల గాజు మసకబారుతోంది... తేటపడుతోంది... మసకబారుతోంది. ఎవరో నోరు ఆనించి ఊదుతున్నట్టు.

నర్సింగమ్మ తిరిగొచ్చేదాకా మంజులత వరండాలోనే నిలబడింది. ఇద్దరూ లోపలికి పోయి చూస్తే, ఫ్లాస్కు అడుగున తెల్లటి సూదులు. పలక మీద చుక్క ఆకాశంలా నీలంగా మెరిసింది.

"అవ్వా, కురుమయ్యన్న నైట్రోజన్ పెట్టేటోడా?"

"యాడి నైట్రోజన్ బిడ్డా! ఆయన ఉన్నన్నాళ్లు గా సిలిండర్ల ఏమున్నది, ఉత్త ఇనుము. నేను దాని మీద మసిగుడ్డలు ఆరేస్తుంటి. గీ కొత్తది మొన్న ఉగాదికి గదా వచ్చింది."

అప్పుడు అర్థమైంది. సిలిండర్ ఖాళీ, నోట్‌బుక్కు నిండా నైట్రోజన్. పత్రికవాళ్ల ముందు పరువు పోకూడదని, ఏ ప్రయోగమైనా నైట్రోజన్ కిందే చేసినట్టు రాయాలన్నది ప్రేమ్‌సాగర్ సార్ కట్టడి. కురుమయ్య చేసింది మామూలు గాలిలో, మూత లేకుండా. ఆ గాలే ఉంగరాన్ని పూర్తిచేసేది. అందరూ రాసి ఊరుకున్న అబద్ధాన్ని మంజులత ఒక్కతే శ్రద్ధగా పాటించింది.

ఆ సాయంత్రమే సార్‌కు ఫోన్ చేసింది.

"సార్, పేపర్ల కురుమయ్యన్న పేరు ముందు పెడదాం."

అటువైపు సార్ నవ్వాడు. "పెట్టు. మొదటి పేరు నీది కాకుంటే ఆ చాప్టర్ నీకింద రాదు. ఆరేండ్లు గడ్డి పీకినవా అని అడుగుతరు. తర్వాత నీ ఇష్టం."

ఆమెకు నిద్ర పట్టలేదు. తెల్లారాక పేపరు తెరిచింది. నైట్రోజన్ అన్న మాట కొట్టేసి, గాలిలో అని దిద్దింది. ఆ కిటుకు కూడా తను కనిపెట్టినట్టే రాసింది. చివర కృతజ్ఞతల్లో కురుమయ్యకు ఒక వరుస రాసింది. ఎందుకొచ్చిన గొడవ అని అదీ తీసేసింది. ఒట్టు తీసి గట్టు మీద పెట్టింది. తెల్లపొడి చిన్న సీసాలో పోసి, తన పేరు అంటించి, స్పెక్ట్రమ్ కోసం హైదరాబాద్‌కు కొరియర్ చేసింది.

మూడో రోజు మధ్యాహ్నం స్పెక్ట్రమ్ తీసే నవీన్‌కుమార్ ఫోన్ చేశాడు.

"మేడం, మీ సాంపిల్ అయిపోయింది. మస్తుగున్నది. ఒక్క మలినం గీత గూడ లేదు. మెయిల్ పెట్టిన."

ఆరేళ్ల బరువు దిగినట్టయి మంజులత కుర్చీలో కూలబడింది. "చాలా థాంక్స్ అండి. కొరియర్ నిన్ననే అందిందా?"

"కొరియర్ ఏంది మేడం? మీ అన్న తెచ్చి చేతికిచ్చిండు గదా."

కొరియర్ రసీదు ఆమె ముందే, బల్ల మీద ఉంది.

"నాకు... అన్న లేడండి."

"గదేంది? మా చెల్లె పంపిందన్నడు. పొద్దుగాల సంది ఈడనే బెంచీ మీద కూసున్నడు. పని అయింది, ఇగ పో అన్నా అంటే పోతలేడు. మీరొస్తరట, థీసిస్ వైవాకు ఇద్దరు కలిసి పోతరట." నవీన్‌కుమార్ గొంతు తగ్గించాడు. "ఏమనుకోకండి మేడం, దగ్గు శాన ఉన్నది ఆయనకు. జర వచ్చి దవాఖానకు తీస్కపోండి."