నూర్లి మీద తెడ్లు

నూర్లి అనే పాత ఇంటి మీదుగా పడవ పోనిచ్చి గాలం ఈడ్చకూడదని మా వైపు పసిపిల్లలకి కూడా తెలుసు. డ్యాం కట్టినప్పుడు ఆ ఇల్లూ, పశువుల కొట్టమూ నీళ్ళలో మునిగాయి. అక్కడ తెడ్లు వదిలేసి కూర్చుంటే ఇంకెవరో వేస్తారట. నేను డ్యాం మీద గేట్లు చూసేవాణ్ణి కదా, ఊళ్ళో నన్ను ఆటపట్టించేవాళ్ళు.

"నీ గేటు ఎత్తరా విదార్, దెయ్యాన్ని కిందికి పంపేద్దాం" అనేవాళ్ళు.

నేనూ నవ్వేవాణ్ణి. ఐలివ్ మామ తన సంగతి చెప్పేదాకా...

నలభై ఏళ్ళుగా రాండి అత్త తెడ్లు వేస్తే, ఆయన పడవ వెనక బల్ల మీద కూర్చుని ట్రౌట్ చేపకి గాలం వదిలేవాడు. ఆవిడకి ఎడమ చెయ్యి జోరు. పడవ పక్కకి లాగేది, ఈయన సణిగేవాడు. వేసవిలో ఆవిడ పోయింది. మామ కంట తడి పెట్టలేదు. కట్టెలు కొట్టేవాడు, ఇంత తినేవాడు, పడుకునేవాడు. మనిషి కొయ్యబారిపోయాడు.

జలాశయం గడ్డకట్టడానికి వారం ముందు, సాయంత్రం నాలుగింటికి ఒక్కడే పడవ తీశాడు. నూర్లి దాకా తెడ్లు వేసుకుంటూ వెళ్ళి, అలవాటు కొద్దీ లేచి వెనక బల్ల మీదికి మారి దారం వదిలాడు. పడవ కదిలితే కదా గాలం ఆడేది. తెడ్ల దగ్గర ఎవరూ లేరన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

లేవబుద్ధి కాలేదు.

ముందు వేళ్ళు మొద్దుబారాయి, తర్వాత పాదాలు... కాసేపటికి చలి తెలియడం కూడా మానేసింది. చీకటి పడింది. ఇక్కడే ఉండిపోతే ఏం పోయింది అనుకున్నాడు. భయం వెయ్యలేదట.

అప్పుడు — వేలికి చుట్టిన దారం బిగిసింది.

చేప కాదు. పడవ కదులుతోంది. గాలి లేదు. ఆగి ఆగి, ఒక్కో తోపు... ప్రతి తోపుకీ కొంచెం పక్కకి లాగుతోంది. ఎదురు బల్ల చీకట్లో కనిపించడం లేదు. చెయ్యి చాపి చూసే ధైర్యం లేదు.

"రాండీ..." అన్నాడు గుసగుసగా. "ఎడమ చెయ్యి తగ్గించు."

పడవ తిన్నగా నడిచింది.

డ్యాం పక్కనే ఉన్న మా ఇంటి ముందు రేవులో ఇసుకకి తగిలి ఆగింది. లాంతరు పట్టుకుని పరిగెత్తాను. ముందు బల్ల ఖాళీ. ఆయన్ని మోసుకొచ్చి పొయ్యి పక్కన కూర్చోబెట్టాను. వేళ్ళలోకి రక్తం పారుతుంటే వెక్కి వెక్కి ఏడ్చాడు. నొప్పిరా, వేళ్ళు నొప్పిరా అన్నాడు. చాలాసేపు అదే మాట.

కాఫీ తాగాక కాస్త తేరుకున్నాడు.

"రేపు మళ్ళీ వెళ్తాన్రా. అది నాకోసం కూర్చుని ఉంటుంది."

వెళితే తిరిగి రాడు. ఆ మొహం చూస్తే తెలిసిపోయింది.

"అత్త కాదు మామా" అన్నాను. "ఇవాళ గేట్లు ఎత్తాం. నీళ్ళు లాక్కొచ్చాయి నిన్ను."

"నీళ్ళేనా?"

"నీళ్ళే."

తల ఊపాడు. మర్నాడు వెళ్ళలేదు, ఆ చలికాలమంతా వెళ్ళలేదు. ఇప్పటికీ గుండ్రాయిలా ఉన్నాడు, ఆదివారం ఆదివారం వచ్చి నా కాఫీని తిట్టిపోస్తాడు.

ఆయనతో చెప్పకండి...

ఆ రోజు పొద్దుటి నుంచీ గేట్లన్నీ మూసే ఉన్నాయి. మూసింది నేనే.